స్క్రూ తల మీద ఎర్రగీత

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మొదట్నుంచీ ఉన్నవాళ్లు ఈలోగా కాళ్లు చాపుకోవచ్చు.

మన లిఫ్టాయన ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. లోకంలో మనుషులు రెండే రకాలని ఆయన నమ్మకం. లిఫ్టు బటన్ ఒకసారి నొక్కి ఊరుకునేవాళ్లు, లిఫ్టు వచ్చేదాకా నొక్కుతూనే ఉండేవాళ్లు. మొదటి రకంలో ఆయనకి ఇంతవరకూ తనొక్కడే కనిపించాడు.

ఆయనకి పదకొండేళ్ల కూతురుంది. మనిషి చిన్నది, మోస్తానని బయల్దేరేవన్నీ తనకన్నా పెద్దవి, అందుకని ఇంటా బయటా చీమ అంటారు. చీమ నాలుగు నెలలు బాల్కనీలో కూర్చుని, పిల్లల రోబో కుస్తీ పోటీ కోసం ఒక రోబోని తయారుచేసింది. దానికి ముందువైపు ఒక రేకు నాలుక ఉంటుంది. అది ఎదుటి రోబో కిందికి దూరి, పైకెత్తి, వెల్లకిలా పడేస్తుంది. పైకెత్తుతుంది కాబట్టి దానికి 'మూడో అంతస్తు' అని పేరు పెట్టింది.

ఆ పోటీకి మొదటి రూలు, మిగతా రూళ్లకన్నా లావు అక్షరాల్లో అచ్చువేసింది, ఒక్కటే. యంత్రం మీద పెద్దవాళ్ల చెయ్యి పడకూడదు. పడలేదని లిఫ్టాయన సంతకం పెట్టి ఇచ్చాడు. పోయిన వారం మనం ఆయన్ని వదిలేసినప్పుడు పోటీ రోజు పొద్దున్న, పిల్ల స్నానానికి వెళ్లింది, మూడో అంతస్తు మూత తెరిచి ఉంది, ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

పిల్ల స్నానం పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాల్లో ఆయన ఆ యంత్రానికి ఒక చిన్న మేలు చేసి, మూత పెట్టేసి, పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. ఏం మేలో భార్యకి కూడా చెప్పలేదు. చేసిన మేలు చెప్పుకోకపోవడం గొప్ప గుణమనీ, అది తనకి ఉందనీ బస్సులో వస్తున్నంతసేపూ అనుకున్నాడు.

ఇక హాలు సంగతి. మామూలు రోజుల్లో అది బ్యాడ్మింటన్ హాలు. ఆ రోజు మధ్యలో మందపాటి ప్లాస్టిక్ అద్దాలతో ఒక గదంత బోను కట్టారు. బోను లోపల రోబోలు పోట్లాడుకుంటున్నాయి. బయట వాటి తాతలూ అమ్మమ్మలూ, అంటే ఆ పిల్లల తల్లిదండ్రులు, కుర్చీల కోసం పోట్లాడుకుంటున్నారు. ఒకావిడ ఒక గొడుగు, ఒక నీళ్లసీసా, కొడుకు కుడి బూటు, ఎడమ బూటు పరిచి వరసంతా ఆక్రమించింది. ఆ కొడుకు వట్టి కాళ్లతో హాలంతా తిరుగుతున్నాడు. రావాల్సిన నలుగురు చుట్టాలూ సాయంత్రం దాకా రాలేదు, కానీ కుర్చీలు మాత్రం ఎవరికీ దక్కలేదు. అదే ముఖ్యం.

తండ్రుల సంగతి ఇంకోటి. రిమోటు పిల్లల చేతిలో ఉంటుంది కాబట్టి వాళ్ల చేతులకి పనిలేదు. అందుకని బోను చుట్టూ నిలబడి, ఖాళీ గాలిలో రెండు బొటనవేళ్లూ ఆడిస్తున్నారు. "కుడికిరా, కుడికి. నా కుడి కాదు, నీ కుడి" అని ఒకాయన అరుస్తూ, అరిచిన ప్రతిసారీ తనే ఎడమకి జరిగి పక్కావిడ కాలు తొక్కుతున్నాడు. ఏ రోబో అయినా కదలకుండా ఆగిపోతే హాల్లో పిల్లలందరూ కలిసి పది లెక్కపెడతారు. పది లోపు కదలకపోతే అవుటు. ఓడిన పిల్లలు అయిదు నిమిషాల్లో మర్చిపోయి కుర్చీల కింద దొంగాట మొదలెడుతున్నారు. ఓడిన తండ్రులు మాత్రం బోను నేల ఒకవైపు వాలుగా ఉందని సెల్‌ఫోన్ పెట్టి కొలుస్తున్నారు. "మావాడికి గెలవాలని ఏం లేదండీ, ఊరికే అనుభవం కోసం తీసుకొచ్చాం" అన్న తల్లే, ఆ అనుభవం రెండు నిమిషాల్లో అయిపోయేసరికి, వాడి చెవి పట్టుకుని ఒక స్తంభం వెనక్కి తీసుకెళ్లింది.

వీళ్లందర్నీ లిఫ్టాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చొక్కా జేబులో ఎప్పటిలాగే తెల్లటి పెన్ను. చూడ్డానికి మామూలు పెన్నే. పెళ్లి ఫోటోలో కూడా అది జేబులో ఉంది. ఫోటో తీసినాయన తీసేయమంటే తియ్యలేదు.

మూడో అంతస్తు అప్పటికి రెండు రౌండ్లు గెలిచింది. మొదటి రౌండులో ఎదుటి రోబో స్టార్టు కాలేదు. రెండో రౌండులో ఎదుటిది తనంతట తనే వెనక్కి నడిచి బోను మూలనున్న గోతిలో పడింది. ఈ రెండు విజయాలకీ కారణం పొద్దున తను చేసిన మేలేనని లిఫ్టాయన లోలోపల తీర్మానించుకున్నాడు. ఇక మిగిలింది సెమీఫైనల్. ఎదుటి రోబో పేరు 'ప్రళయం'. దాని యజమాని ఆయన తోడల్లుడి కొడుకు.

తోడల్లుడు, అంటే భార్య అక్కగారి భర్త, టైల్స్ షాపు నడుపుతాడు. ఆ రోజు ఆయన వేసుకున్న టీషర్టు వీపు మీద 'ప్రళయం ముఖ్య సలహాదారు' అని అచ్చువేయించుకున్నాడు. ముందు నుంచి చదవలేరేమోనని మాటిమాటికీ జనానికి వీపు తిప్పి నిలబడుతున్నాడు. అలా వెనక్కి వెనక్కి నడుస్తూ లిఫ్టాయన దగ్గరికి చేరాడు.

"ఏం తమ్ముడూ, సెమీస్‌కి వచ్చేశారంటగా. ఎవరితోనూ కొట్టుకోకుండానే వచ్చేసిందని విన్నాను మీది."

"గెలిచాక గెలిచినట్టే కదా అన్నయ్యగారూ."

"అవునవును. మీ వదిన ఫోన్ చేస్తే నేనూ అదే చెప్పాను. ఇప్పుడు ఇంట్లో ఇంట్లోవాళ్లకే పడింది. ఎవరు గెలిస్తే ఏముంది చెప్పు."

ఈ మాట అనేవాళ్లెవరూ ఓడిపోవడానికి సిద్ధపడి రారని లిఫ్టాయనకి తెలుసు. ఎందుకంటే తనూ అదే అనబోయాడు.

"మొత్తం మావాడే చేసుకున్నాడు. నేను వేలు కూడా పెట్టలేదు. నాకు తీరికేదీ?" అని తోడల్లుడు చుట్టూ చూసి, ఇంకో నలుగురు వింటున్నారని తేలాక గొంతు పెంచాడు. "మా తమ్ముడు లిఫ్టుల్లో పెద్ద నిపుణుడండీ. ఓసారి మా ఇంటికొస్తూ, తను రిపేరు చేసిన లిఫ్టులోనే రెండు గంటలు ఇరుక్కుపోయాడు. చివరికి మా వాచ్‌మన్ తీశాడు."

నలుగురూ నవ్వారు. ఈ కథ తొమ్మిదేళ్ల నాటిది. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క శుభకార్యమూ, ఒక్క పరామర్శా దీన్ని తప్పించుకోలేదు. మొదట్లో అరగంటే ఇరుక్కున్నాడు. ఏడాదికింత చొప్పున పెరిగి ఇప్పుడు రెండు గంటలైంది.

తోడల్లుడు వీపు చూపించుకుంటూ వెళ్లిపోయాక లిఫ్టాయన ప్రళయం వైపు చూశాడు. నల్లగా, నిగనిగా మెరిసిపోతోంది. మీద మంటల బొమ్మ. ముందు గిర్రున తిరిగే బ్లేడు. పక్కన నేల మీద దాన్ని తయారుచేశానంటున్న పిల్లాడు కూర్చుని బిస్కెట్టు తింటున్నాడు. వాడి కళ్లద్దాలు మందం కాబట్టి చుట్టాలందరూ వాడిని సోడాబుడ్డి అంటారు. బిస్కెట్టు పొడి కళ్లద్దాల మీద పడితే చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచాక ఇంకా మసకైంది.

"వీడి మొహం. వీడు బల్బు కూడా మార్చలేడు" అన్నాడు లిఫ్టాయన.

"ఎవర్నండీ?" అంది పక్క కుర్చీలోని భార్య. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. రోజుకి రెండొందల మంది గోడు వింటుంది కాబట్టి ఇంటికొచ్చాక సగమే వింటుంది.

"మీ అక్క కొడుకుని. ఆ యంత్రం పిల్లలు చేసింది కాదు. ఎవరో కాలేజీ కుర్రాళ్లచేత చేయించి, రంగు వేయించి తెచ్చాడు మీ బావ. చూస్తే తెలియట్లా?"

ఒక వస్తువుని చేసింది ఎవరో ఆమడ దూరం నుంచి చెప్పగలనని ఆయన గొప్ప. చాలాసార్లు తప్పే చెప్పాడు, కానీ దూరం మాత్రం నిజం.

"మనకెందుకండీ. కూర్చోండి."

"కూర్చునే ఉన్నాగా."

"మీరు కూర్చున్నట్టు లేరు. లేవబోతున్నట్టు కూర్చున్నారు."

ఆవిడ ఆ మాట పూర్తిచేసేలోపే ఆయన లేచాడు.

బోను పక్కన బల్ల దగ్గర రిఫరీ కూర్చునుంది. ఆవిడ మామూలుగా పాలిటెక్నిక్‌లో లేతు మిషను నేర్పే టీచరమ్మ. ముక్కు మీద ఒక కళ్లజోడు, తల మీద ఇంకోటి, మెడలో విజిలు. పొద్దుట్నుంచీ అరవై మంది తండ్రులతో మాట్లాడిన గొంతు.

"అభ్యంతరం ఉందండీ. ప్రళయం అనేదాని మీద" అన్నాడు లిఫ్టాయన.

టీచరమ్మ తలెత్తకుండా ఒక కాగితం తోసింది. "చదివి సంతకం పెట్టండి."

ఆయన సంతకం పెట్టి తోశాడు.

"రెండో పేరా చదివారా?"

"చదివానండీ."

చదవలేదు. 'నలుగురికి మించి ఎక్కరాదు' అని ఊళ్లో ప్రతి లిఫ్టులోనూ నోటీసు అంటించేది ఈయనే. చదవకుండా అయిదోవాడు ఎక్కితే ఈ జనం ఎప్పటికీ బాగుపడరని తిట్టేదీ ఈయనే. కానీ నోటీసులు జనం కోసం. ఈయన జనంలోకి రాడు.

టీచరమ్మ మైకు తీసుకుంది. "అభ్యంతరం వచ్చింది. సెమీఫైనల్ ఆడాల్సిన రెండు యంత్రాలూ బల్ల మీదికి తీసుకురండి. రెండూ విప్పుతాం."

"రెండూనా?" అన్నాడు లిఫ్టాయన.

"రెండో పేరా" అంది టీచరమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

లిఫ్టు పనిలో ఒక అలవాటుంది. బోల్టు బిగించాక దాని తల మీంచి పక్క రేకు మీదికి ఎర్ర రంగుతో ఒక గీత గీస్తారు. రేపు బోల్టు ఏ కాస్త వదులైనా గీత విరుగుతుంది, దూరం నుంచే కనిపిస్తుంది. మంచి అలవాటు. అయితే ఇరవై రెండేళ్లలో అది ఆయన పనిలోంచి ఇంట్లోకి నడిచొచ్చేసింది. కుక్కర్ పిడి స్క్రూ మీద ఎర్రగీత. ఫ్యాను మీద, సైకిలు మీద, తలుపు గొళ్లెం మీద, భార్య చదువుకునే కళ్లజోడు మీద ఎర్రగీత. ఆయన బిగించాడంటే గీస్తాడు. గీశానని ఆయనకి తెలియదు కూడా. మనం ఆవులించినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు, అది చేతి పని.

పొద్దున ఆయన నాలుగు స్క్రూలు బిగించాడు.

పోనీ ఈలోగా ఎవరైనా చూసేశారా అంటే, లేదు. బ్యాటరీ మార్చేది అడుగు నుంచి. పైమూత పొద్దుట్నుంచీ ఎవరూ తియ్యలేదు.

"పోనీలెండి మేడమ్, అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. ఇంట్లో ఇంట్లోవాళ్లం కదా" అన్నాడు.

"నాలుగో పేరా" అంది టీచరమ్మ. "వెనక్కి తీసుకోడం కుదరదు."

జనం మూగారు. పోట్లాట కన్నా విప్పడం అంటేనే జనానికి ఇష్టం. గొడుగావిడ కుర్చీలు కూడా వదిలేసి వచ్చింది. ఒకాయన మూడేళ్ల కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని ముందుకి తోసుకొచ్చాడు. తోడల్లుడు బల్లకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎవరు తమ్ముడూ అభ్యంతరం పెట్టింది? ఇలాంటి కుళ్లుబోతులు ప్రతిచోటా ఉంటారు."

"ఉంటారు అన్నయ్యగారూ" అన్నాడు లిఫ్టాయన.

ముందు ప్రళయం మూత తీశారు.

పైన నిగనిగ, లోపల మాత్రం చెత్తబుట్ట తిరగేసినట్టు ఉంది. టేపు మీద టేపు. మోటారు ఊడిపోకుండా జడ క్లిప్పు ఒకటి పెట్టి బిగించారు. అతుకులన్నీ చీమిడి ముద్దల్లా ఉన్నాయి. బ్యాటరీ కదలకుండా చుట్టూ, టైల్స్ అతికించేటప్పుడు మధ్యలో పెట్టే ప్లాస్టిక్ ప్లస్సు గుర్తులు కూరారు. ఇలాంటి పని ఏ కాలేజీ కుర్రాడూ డబ్బిచ్చినా చెయ్యడు. చేసినా దాచేస్తాడు.

"ఈ క్లిప్పేంటి నాన్నా?" అంది టీచరమ్మ.

"మా అమ్మది మేడమ్" అన్నాడు సోడాబుడ్డి. "మోటారుకి కొన్న బిగింపు మూడుసార్లు విరిగింది. ఇది వంగుతుంది కానీ విరగదు. అమ్మ వెతుక్కుంటోంది, ఇంకా చెప్పలేదు."

"ఈ వైరు ఇటు తిప్పి ఎందుకు తెచ్చావు?"

"అటు తెస్తే బ్లేడు కోసేస్తుంది మేడమ్. ఒకసారి కోసింది." వాడు ఎడమచేతి చూపుడువేలు చూపించాడు. దాని మీద పాత మచ్చ. "నాన్నకి తెలీదు."

"రంగు ఎవరు వేశారు?"

"మా షాపు పక్కన బైకులకి రంగు వేసే అంకుల్ దగ్గర డబ్బా మిగిలితే అడిగాను. నేనే వేశాను. వెనకాల కారింది, చూడండి."

వెనకాల కారింది. టీచరమ్మ రెండు కళ్లజోళ్లూ సర్దుకుని వాడి వైపు కాసేపు చూసింది. పొద్దుట్నుంచీ ఆవిడ ఎవర్నీ అలా చూడలేదు. తర్వాత కాగితం మీద టిక్కు పెట్టింది.

తోడల్లుడు మొదటిసారి జనానికి వీపు కాకుండా మొహం చూపించాడు. "నువ్వే చేశావట్రా ఇదంతా?" అన్నాడు కొడుకుతో. ఆర్నెల్లుగా ఊరంతా చాటుతున్న మాట నిజమని ఆయనకి అప్పుడే తెలిసింది.

"అదేగా నాన్నా మీరు అందరికీ చెప్తున్నది" అన్నాడు సోడాబుడ్డి.

లిఫ్టాయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. బూట్లు బాగానే ఉన్నాయి.

"రెండోది" అంది టీచరమ్మ.

చీమ ముందుకొచ్చింది. బల్ల ఆ పిల్ల గడ్డం దాకా ఉంది. మూత తనే తీసింది. అంతవరకూ మొహం వెలిగిపోతోంది, ఎందుకంటే లోపలంతా తనకి కంఠతా వచ్చు. నాలుగు నెలల్లో ఒక్కో వైరుకీ ఒక్కో పేరు పెట్టుకుంది. మూత పక్కన పెట్టి లోపలికి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

నాలుగు స్క్రూలు. నాలుగింటి తలల మీదా తిన్నగా, తడబడకుండా, ఇరవై రెండేళ్ల చెయ్యి గీసిన ఎర్రగీతలు.

చీమ తలెత్తలేదు. తండ్రి వైపు చూడనూ లేదు. చూసినట్టయితే లిఫ్టాయనకి కొంచెం నయంగా ఉండేది.

"ఇదేంటమ్మా?" టీచరమ్మ కొనవేలితో ఒక మూల చూపించింది. గోరంత స్విచ్చి ఒకటి, రెండు వైర్ల మధ్య. ఎంతో శుభ్రమైన పని. ఆ డబ్బాలో మిగతా పనంతా పదకొండేళ్లది, ఆ మూల ఒక్కటీ నలభై ఎనిమిదేళ్లది.

"నాకు తెలీదు మేడమ్. ఇది నాది కాదు."

"మరి నీ దాంట్లోకి ఎలా వచ్చింది?"

చీమ వేలు పెట్టి వైరు వెంట నెమ్మదిగా వెళ్లింది. స్విచ్చి దాకా వెళ్లి, అవతలి వైపు దిగి, మోటారు దగ్గర ఆగింది. పెదవులు కదులుతున్నాయి. ఇంట్లో లెక్కలు చేసేటప్పుడు అలాగే కదులుతాయి.

"లోపల చిన్న గుండు ఉంటుంది మేడమ్. నడుస్తున్నప్పుడు డబ్బా వంగినా, గట్టిగా కుదిపినా గుండు పక్కకి దొర్లుతుంది. దొర్లితే కరెంటు ఆగిపోతుంది. మోటార్లు రెండూ ఆగిపోతాయి. మళ్లీ ఎవరైనా మూత తీసి సర్దేదాకా కదలదు."

"అలాంటిది ఎక్కడైనా చూశావా?"

"లిఫ్టులో ఉంటుంది మేడమ్, ఇలాంటిదే. తేడా వస్తే లిఫ్టు ఉన్నచోటే ఆగిపోవాలి. లోపల మనుషులుంటారు కాబట్టి." వైరు మీంచి వేలు తీసింది. "లిఫ్టుకైతే మంచిదే."

"దీనికి?"

"మొదటి దెబ్బకే ఆగిపోతుంది మేడమ్. నేను రిమోటు ఎంత నొక్కినా కదలదు. పది లెక్కపెట్టేస్తారు." వేలు మళ్లీ స్విచ్చి మీద పెట్టింది. "పెట్టినవాళ్లకి అది తోచలేదు. దెబ్బ తగలకుండా చూద్దామనుకున్నారు."

హాల్లో ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు. లిఫ్టాయన భార్య వెనక నుంచి వచ్చి భర్త పక్కన నిలబడింది. తన కళ్లజోడు తీసి, దాని కాడ దగ్గర చిన్న స్క్రూ మీద ఉన్న ఎర్రగీత వైపు చూసి, మళ్లీ పెట్టుకుంది.

"పెట్టినవాళ్లంటే ఎవరు?" అని టీచరమ్మ అడిగింది. మళ్లీ తనే చెయ్యి ఎత్తి ఆపింది. "ఆగు, నువ్వు చెప్పకు. మూడో పేరా అందరూ వినండి. యంత్రంలో వేలు పెట్టిన పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లు నోరు తెరిచి ఒప్పుకుంటే, వాళ్లు పెట్టింది పీకేసి పిల్ల ఆడుకోవచ్చు. శిక్షేం లేదు. ఒప్పుకోకపోతే యంత్రం అవుటు, పిల్లకి మూడేళ్లు ఈ గుమ్మం మూసినట్టే. పిల్ల చెబితే ఒప్పుకున్నట్టు కాదు. చేసింది తాము, చెప్పేది పిల్లలు, అలాంటి పెద్దవాళ్లని చాలామందిని చూశాను నేను."

ఇంతకన్నా తేలికైన పరీక్ష ఎవరూ పెట్టరు. ఒక్క మాట. 'నేనే' అంటే రెండక్షరాలు. కానీ లిఫ్టాయన కళ్లముందు తోడల్లుడి వీపు కనిపించింది. రాబోయే తొమ్మిదేళ్ల శుభకార్యాలు కనిపించాయి. 'మా తమ్ముడు మావాడి మీద అభ్యంతరం పెట్టాడండీ, తీరా చూస్తే' అని మొదలయ్యే కథ, ఏడాదికింత చొప్పున పెరగబోయే కథ, ఇప్పట్నుంచే వినిపించింది. ఒక పళ్లెంలో కూతురి నాలుగు నెలలు, ఇంకో పళ్లెంలో తోడల్లుడి నవ్వు. ఇందులో ఏది బరువో తేల్చుకోడానికి మామూలు మనిషికి క్షణం పట్టదు. ఆయన తూస్తూనే ఉన్నాడు.

"అభ్యంతరం పెట్టినాయనే తండ్రి కూడానా?" అని టీచరమ్మ కాగితం చూసుకుంది. "సరే, నోటితో చెప్పి, ఇక్కడ రాసి సంతకం పెట్టండి. వేలు పెట్టింది మీరా, కాదా. రెండింట్లో ఏదో ఒకటి." బల్ల మీద పెన్ను కోసం తడుముకుంది. దొరకలేదు. పొద్దుట్నుంచీ తండ్రులు తీసుకెళ్లినవి ఒక్కటీ వెనక్కి రాలేదు.

"అయ్యో, పెన్నుకేం భాగ్యం" అన్నాడు తోడల్లుడు. కొడుకు పనిమంతుడని తేలిన సంతోషంలో ఆయనకి అభ్యంతరం మాట చెవికెక్కలేదు, లోకమంతా మంచిగా కనిపిస్తోంది, ఏదైనా ఒక ఉపకారం చెయ్యాలనిపిస్తోంది. "మా తమ్ముడి జేబులో ఎప్పుడూ ఉంటుంది."

లిఫ్టాయన చెయ్యి జేబు మీదికి వెళ్లేలోపే తోడల్లుడి చెయ్యి వెళ్లొచ్చేసింది. తెల్లటి పెన్ను టీచరమ్మ చేతిలో పడింది. ఆవిడ మూత తీసి, రాస్తుందో లేదో చూద్దామని కాగితం అంచున ఒక గీత గీసింది.

లావుగా, తడిగా, ఎర్రగా ఒక గీత.

టీచరమ్మ ఆ గీత వైపు చూసింది. స్క్రూల వైపు చూసింది. పెన్ను మూత పెట్టి బల్ల మీద నిలబెట్టింది. ఏమీ అడగలేదు. రూలు ప్రకారం ఇక ఆయనంతట ఆయనే చెప్పాలి.

"అదేంటి తమ్ముడూ, ఇది ఎర్రగా రాస్తోంది?" అన్నాడు తోడల్లుడు.

సోడాబుడ్డికి మాత్రం అర్థమైంది. "బాబాయ్" అన్నాడు మెల్లగా, ఒకసారి.

అప్పుడు చీమ తలెత్తింది. తండ్రి వైపు తిన్నగా చూసింది. కళ్లలో నీళ్లు లేవు. లేకపోవడమే లిఫ్టాయనకి నచ్చలేదు. నీళ్లుంటే తుడవొచ్చు.

"నాన్నా, నేను చెబితే లెక్కలోకి రాదట. మీరే చెప్పాలి" అంది.

లిఫ్టాయన నోరు తెరుద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, అంతవరకూ ఆయన్ని నమ్మొచ్చు. కానీ లోపల ఎక్కడో ఒక గుండు పక్కకి దొర్లింది. చెయ్యి జేబు మీద ఆగిపోయింది. దవడ ఆగిపోయింది. కళ్లు కూడా ఒకచోట నిలబడిపోయాయి. ఉన్నచోటే, ఉన్నవాడు ఉన్నట్టే.

భార్య భుజం మీద చెయ్యి వేసి చిన్నగా కుదిపింది. కదల్లేదు.

ముందు వరసలో, తండ్రి భుజాల మీద కూర్చున్న ఆ మూడేళ్ల పిల్ల పొద్దుట్నుంచీ ఒక్క విషయం బాగా నేర్చుకుంది. ఏదైనా కదలకుండా ఆగిపోతే ఏం చెయ్యాలో. ఆ పిల్ల నోట్లోంచి వేలు తీసి, లిఫ్టాయన వైపు చూపించింది.

"ఒకటి" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. కుర్చీల కింద దొంగాట ఆడుతున్నవాళ్లు తలలు బయటపెట్టారు. "రెండు" అన్నారు ఇద్దరు ముగ్గురు. బూట్లు లేని పిల్లాడు బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చి "మూడు" అన్నాడు. ఆపమని తల్లులు గదమాయించబోయి, టీచరమ్మ వైపు చూశారు. టీచరమ్మ విజిలు నోట్లో పెట్టుకుంది. ఊదలేదు. గడియారం వైపు చూస్తోంది.

"నాలుగు. అయిదు. ఆరు." ఇప్పుడు హాలంతా పిల్లల గొంతులే.

చీమ లెక్కపెట్టట్లేదు. మూడో అంతస్తు మూత రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని, తండ్రి పెదవుల వైపే చూస్తోంది.

"ఏడు. ఎనిమిది."

లిఫ్టాయన జేబు మీద పెట్టిన చేతిలో చిటికెనవేలు కదిలింది.

"తొమ్మిది" అన్నారు పిల్లలు.